టీచరమ్మకు నీళ్ళు

ఆ ఎండాకాలమంతా ఇంగ్లీషు మాస్టర్లకు వండిపెట్టి వండిపెట్టి, నాకు ఉడికే అన్నం వాసనంటేనే వెగటు పుట్టింది.

పందొమ్మిది వందల నలభై తొమ్మిది. హైదరాబాదు రాజ్యంలోకి మిలిటరీ వచ్చి ఆర్నెల్లు దాటింది. మా ఆయన దామోదర్ మరికొందరితో కలిసి సూర్యాపేటలో ఒక బడి పెట్టాడు. సర్కారుది కాదు, కమిటీ బడి. అప్పటిదాకా ఉర్దూలో చదువుకున్న పిల్లలకు తెలుగులో పాఠాలు, ఐదో తరగతి నుంచి ఇంగ్లీషు. తెలుగు చెప్పడానికి మనుషులు దొరికారు. లెక్కలు మా ఆయనే చెబుతానన్నాడు. ఇంగ్లీషుకు మాత్రం ఎవరూ లేరు. జూన్‌లో ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇంగ్లీషు టీచరు కనబడకపోతే మంజూరు ఇవ్వడు. మంజూరు లేకపోతే బడి లేదు.

బడి లేకపోతే మా ఆయన ఏమైపోతాడో నాకు మాత్రమే తెలుసు. నిజాం జైలు నుంచి వచ్చాక కొన్ని నెలలు ఆయన ముందు గదిలో మంచం అంచున కూర్చుని గడిపాడు. నడుం వాల్చేవాడు కాదు. ఎవరో పిలుస్తారు, వెంటనే లేవాలి అన్నట్లు అంచుమీదే కూర్చునేవాడు. పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు. బడి మాట వచ్చిన రోజున చెప్పులు తొడుక్కుని బజారులోకి నడిచాడు. ఆ నడక ఆగిపోకూడదు. నేను కోరుకున్నది అంతే. చదువు మీద ప్రేమా కాదు, దేశం మీద ప్రేమా కాదు. ఒక మనిషి అలా కూర్చుని ఉంటే అదే ఇంట్లో తిరుగుతూ పని చేసుకోవడం ఎంత బరువో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

మా వైపు కమిటీ బళ్ళకు ఒక పద్ధతి ఉండేది. టీచరుకు భోజనం కమిటీవాళ్ళ ఇళ్ళలో వంతులవారీగా పెట్టాలి. మొదటి వంతు సెక్రటరీది. సెక్రటరీ మా ఆయన. ఉద్యోగానికి వచ్చి చూసుకునేవాళ్ళు కూడా మా ఇంట్లోనే దిగేవాళ్ళు.

మొదట వచ్చింది కృష్ణమూర్తిగారని, జగ్గయ్యపేట వైపు మనిషి. యాభై దాటాయి. అంత ఎండలోనూ కోటు విప్పలేదు. కమిటీ ప్రెసిడెంటు పర్వతాలు బజారులో బట్టల దుకాణం మనిషి. ఆయన మా అరుగుమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక పాత ఇంగ్లీషు పేపరు కృష్ణమూర్తిగారి చేతికిచ్చి, "చదువుండ్రి పంతులూ, ఇంటం" అన్నాడు.

కృష్ణమూర్తిగారు చదివారు. ఊపిరి తీసుకోకుండా చదివారు. కమిటీలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. అందరూ తల ఊపారు.

"ఏమన్న చదువా! మోటరు తీర్గ పోతున్నది. ఈయననే పెట్టుకుందాం" అన్నాడు పర్వతాలు.

"ఏం చదివిండో సమజయిందా అన్నా?" అన్నాడు మా ఆయన.

"మనకు సమజయితె అది ఇంగ్లీషెట్లయితది, దామోదరా?"

పొద్దుగూకే వేళ కృష్ణమూర్తిగారికి అన్నం వడ్డిస్తుండగా, ఉత్తరాన దూరంగా చప్పుళ్ళు వినబడ్డాయి. ఆయన చెయ్యి విస్తరి మీదే ఆగింది.

"అదేమిటండీ?"

మా అత్తమ్మ ఆండాళు గడప దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. "ఏం లేదు పంతులూ. తుంగతుర్తి దిక్కు తుపాకులు. అవి రోజు ఉండేటియే. నువ్వు పప్పు ఏసుకో."

తెల్లవారేసరికి వాళ్ళావిడకు నలతగా ఉందని కబురొచ్చిందన్నారు. ఆ పొద్దున మా ఇంటికి ఎవరూ కబురు తేలేదు. కోటు సర్దుకుని మొదటి బస్సుకు వెళ్ళిపోయారు. ఆ తరువాత వచ్చినవాళ్ళలో ఒకాయన రెండుపూటలు తిని వెళ్ళాడు, ఒకాయన ఊరి పొలిమేరలో మిలిటరీ లారీ చూసి దిగిన బస్సులోనే తిరిగి ఎక్కాడు. కూర మిగిలిపోయింది. మా అత్తమ్మ, "నీ కోదాడ వంటకు భయపడి పోతున్నరే వాళ్ళు" అంది. నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

మే నెలలో మేమే కోదాడ, మా పుట్టింటికి వెళ్ళాం. అక్కడ మా అన్న ఉన్నాడు. కృష్ణ దాటి వచ్చిపోయేవాళ్ళందరూ ఆయనకు తెలుసు. ఆయన కూడా చేతులెత్తేశాడు.

"మీ ఊరి పేరు చెబితే ఎవరూ ముందుకు రావటం లేదు బావా. పగలు మిలిటరీ, రాత్రి కమ్యూనిస్టు దళాలు అంటున్నారు. పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు ఎట్లా వస్తారు చెప్పు?" అని, మళ్ళీ "మిర్యాలగూడ మిషను బళ్ళో ఒకమ్మాయి ఉంది. గుంటూరులో చదివి ట్రైనింగయింది. దొరసాని తన దేశానికి వెళ్ళిపోతోందంట, ఆ బడి మూసేస్తారు. అమ్మాయి ఉద్యోగం చూసుకుంటోంది. కానీ మీకు పనికిరాదులే" అన్నాడు.

"ఎందుకు పనికిరాదు?" అన్నాడు మా ఆయన.

అన్న ఆయన వైపు కాకుండా నావైపు చూశాడు. "పేరు శాంతకుమారి. వాళ్ళ నాన్న యేసయ్య పెద్దవూర దగ్గర మాలవాడలో ప్రార్థన చెప్పుకునేవాడు. పోయాడు. అమ్మా, ఆ పిల్లా ఉంటారు."

తిరుగు ప్రయాణంలో మునగాల దగ్గర పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపారు. మీసం కూడా సరిగ్గా రాని జవాను ఒకడు మా సంచి తెరవమన్నాడు. మా ఆయన సంచి తెరిచి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఎవరూ జోడించమనలేదు. నేను బస్సు చక్రం వైపు తల తిప్పుకున్నాను. మళ్ళీ ఎక్కాక చూస్తే, సీటు మీద సగానికి కూడా జరక్కుండా కూర్చుని ఉన్నాడు.

"ఆ అమ్మాయిని అడగండి" అన్నాను.

"ఏ అమ్మాయిని?"

"మిర్యాలగూడ అమ్మాయిని."

"అమ్మ ఒప్పుకుంటదా?"

"అత్తమ్మ ఇంగ్లీషు చెప్పదు కదా."

ఆయన చాలా రోజులకు నా ముఖంలోకి చూశాడు. ఆ వారంలోనే మిర్యాలగూడ వెళ్ళివచ్చాడు. ఇంట్లోకి వస్తూనే, "నేను ఆమెను అడుగుదామని పోతే ఆమె నన్ను అడిగింది" అన్నాడు. "ఆడపిల్లలెందరు, నల్లబల్ల ఉన్నదా, వానొస్తె కురుస్తదా అని."

"ఏం చెప్పారు?"

"కురుస్తదని చెప్పిన. అయితె వస్త అన్నది."

ఇక కమిటీ వారం రోజులు మా అరుగుమీద కూర్చుంది. ఆమె ఇంగ్లీషు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆమెకు అన్నం ఎవరు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే మాట. మా ఆయన మనుషులంతా ఒక్కటేనని చాలాసేపు చెప్పాడు. జైలులో అందరం ఒకే గిన్నెలో తిన్నామన్నాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక పర్వతాలు, "అంత మంచిగనే ఉన్నది గాని, నా వంతు దినం నేను ఊర్లె ఉండ" అన్నాడు. అరుగుమీద విస్తరి వేద్దామన్నారు ఒకరు. చదువుకున్న పిల్ల, చిన్నబుచ్చుకుంటుందన్నారు ఇంకొకరు. చివరికి గిన్నెలో పెట్టి గదికి పంపిద్దామని తేలింది. గది మా పెరట్లోది. సర్కారు లెవీ కింద గింజలన్నీ పోయినప్పటి నుంచి ఖాళీగా పడి ఉన్న ధాన్యపు కొట్టు.

"ఆ గిన్నెలు మళ్ళ నా ఇంట్లకు రావద్దు" అని ఒక్కమాట అని మా అత్తమ్మ జపమాల తీసుకుంది.

శాంతకుమారి తల్లి దేవమ్మతో సహా ఎడ్లబండి మీద దిగింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. నూనె పెట్టి బిగించి దువ్విన జుట్టు, తెల్లచీర, చెప్పులు. బండిలోంచి బియ్యపు సంచి, పొయ్యి, కుండలు, గంపకింద రెండు కోళ్ళు దిగాయి. పర్వతాలు ఆమెను "మీరు" అనలేక, "నువ్వు" అనలేక, పక్కనున్న బండివాడి వైపు చూస్తూ వంతుల సంగతి వివరించాడు. సోమవారం ఎవరిల్లు, మంగళవారం ఎవరిల్లు అని. ఆమె ఓపికగా చివరిదాకా వింది.

"భోజనమా సార్? మా అమ్మ వండుతుంది. మీ ఇళ్ళల్లో తింటానని నేనెప్పుడన్నాను?"

పర్వతాలు ముఖం ఎర్రబడింది. "మరి వారం దినాలసంది మేమింత పరేషానయితిమి..."

"నీ అన్నం నువ్వే తిను బాంచెన్. నా బిడ్డకు నా పులుసే ఇష్టం" అంది దేవమ్మ, కోళ్ళ గంప సర్దుతూ.

అప్పుడు శాంతకుమారి చుట్టూ చూసి, "నీళ్ళు ఎక్కడ తెచ్చుకోవాలి?" అని అడిగింది.

వారం రోజుల్లో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

మా వాడలో మిగతా బావులన్నీ ఉప్పునీళ్ళు. తీపి నీళ్ళ బావి మా పెరట్లోనే ఉంది. బావి ముట్టుకోకూడని వాళ్ళు కుండ తెచ్చి గట్టుకింద పెట్టి దూరంగా నిలబడితే ఇంటివాళ్ళు ఎవరో తోడి పోయాలి. వాకిలీ పెరడూ ఊడ్చే సాలికి, కాపురానికి వచ్చినప్పటి నుంచి నేనే పోసేదాన్ని. ఇప్పుడు ఇంకో రెండు బిందెలు.

ఆ ఎండలకు నీళ్ళు అడుక్కు దిగిపోయాయి. చేంతాడు ఎంత లాగినా తరగదు. అరచేతుల్లో బొబ్బలు చితికి, మళ్ళీ బొబ్బలొచ్చాయి. శాంతకుమారి రోజూ పొద్దున్నే బిందె పెట్టి వెనక్కి జరిగి నిలబడేది. ఎంత దూరంలో నిలబడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మునగాల దగ్గర మా ఆయన చేతులు జోడించినట్లే, అది ఒంటికి తెలిసిన సంగతి. ఆమె అట్లా నిలబడినప్పుడల్లా నాకు చిరాకు వేసేది. ఆమె మీదో, నామీదో తెలియని చిరాకు. ఒకరు చూస్తుండగా బరువు లాగడం, ఎవరూ చూడకుండా లాగడం కన్నా కష్టం.

ఆ రోజు ఏమీ ప్రత్యేకం కాదు. మంగళవారమో బుధవారమో. బొక్కెన సగం దాకా వచ్చింది. నా చేతులు ఆగిపోయాయి. చేంతాడు పట్టుకుని నిలబడ్డాను. పైకి లాగలేను, కిందికి వదల్లేను. ఇది చేతుల్లోంచి జారితే ఎంత చప్పుడవుతుందో, ఆ చప్పుడు తర్వాత ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆలోచిస్తున్నాను.

"ఏమైందండీ?" అంది శాంతకుమారి.

"నావల్ల కాదు. నువ్వే తోడుకో."

ఆమె నన్ను కాదు, వంటింటి తలుపు వైపు చూసింది. "పెద్దమ్మగారు..."

"నేను అలసిపోయాను శాంతకుమారీ."

ఆమె చెప్పులు విడిచి గట్టెక్కింది. నా చేతుల్లోంచి చేంతాడు అందుకుంది. బొక్కెన అంగుళం కూడా కిందికి జారలేదు. నేను పక్కన రాతిమీద కూర్చున్నాను. గిలక కీచుమంటుంటే నాకు నిద్ర వచ్చింది.

తరువాతి కాలంలో కొందరు దీన్ని పెద్ద మాట చేసి చెప్పారు. నేను వెనక్కి వెళ్ళి ఎన్నిసార్లు వెతికినా అక్కడ సంస్కారం కనబడదు. నొప్పెడుతున్న భుజాలు కనబడతాయి. ఒక్కోసారి మనసు సంవత్సరాల తరబడి ఒప్పుకోనిదాన్ని ఒళ్ళు ఒక్క క్షణంలో ఒప్పుకుంటుంది. ఆ తరువాత మనసు తీరిగ్గా వచ్చి కారణాలు కల్పించుకుంటుంది.

కారణాలు నేనూ కల్పించుకున్నాను. చదువుకున్న పిల్ల, శుభ్రమైన పిల్ల, రోజూ ఉతికిన చీర కడుతుంది అని. మర్నాడు సాలి వచ్చి కుండ గట్టుకింద పెట్టలేదు. చంకలోనే పెట్టుకుని నిలబడింది.

"నీకు భుజాలు నొస్తున్నయట గద దొరసానీ?"

"ఎవరన్నారు?"

"ఎవరన్నరో అన్నరు. నాకు ఇంగ్లీషు రాదు గాని, బొక్కెన గుంజుడొస్తది."

అని నవ్వింది. నవ్వుతోంది గానీ కుండను పట్టుకున్న చెయ్యి బిగిసి ఉంది. సాలి విషయంలో నా కారణాలు ఒక్కటీ పనికిరాలేదు. ఆమె చీర మాసి ఉంది. ఆమెకు చదువు లేదు. మిగిలింది నా భుజాలు మాత్రమే.

"తోడుకో సాలీ" అన్నాను.

మా అత్తమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. అరవలేదు. ఇత్తడి బిందెలన్నీ ఒకటొకటే బోర్లించింది. ఆ చప్పుడు అరుపు కన్నా గట్టిగా వినబడింది. మధ్యాహ్నానికి బండి కట్టించుకుంది. ఆమె కూతురు తుంగతుర్తిలో ఉంది.

"అత్తమ్మా, అక్కడ కాల్పులు జరుగుతున్నాయి" అన్నాను, ఆమె మూట అందిస్తూ.

"కాల్పులు బయట జరుగుతయే కోడలా. ఇది ఇంట్ల జరిగింది." బండెక్కాక మళ్ళీ తల తిప్పి, "ఉట్టి మీద పెరుగున్నది. పిల్లి జాగ్రత్త" అంది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది.

"ఎవరు చెప్పిండ్రు తోడుకొమ్మని?"

"నేనే."

"నన్నొకమాట అడగాలె గద అహల్యా?"

"మీరు బావి దగ్గర లేరు."

"ఎందుకు చెప్పినవు?"

ఆయన ఒక పెద్ద మాట కోసం ఎదురుచూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. కమిటీలో తను చెప్పిన మాటలు నా నోట వింటే ఒప్పుకోవడమో, వాదించడమో చేసేవాడు. "అలసిపోయి చెప్పాను" అన్నాను. ఆయన వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు.

ఏది జరగకూడదని ఎండాకాలమంతా వండానో, దాన్ని నేనే చేతులారా తెచ్చానా అనిపించింది.

మర్నాటి నుంచి పర్వతాలు ఇంటి నుంచి ఒక కుండ నీళ్ళు రావడం మొదలైంది, సెక్రటరీ ఒక్కడి కోసం. ఆ కుండను ముందు గదిలో మూలన పెట్టుకుని ఆయన ఆ ఉప్పునీళ్ళే తాగేవాడు. అన్నం కూడా ఆ నీళ్ళతోనే వండమన్నాడు. వండాను. పప్పు ఉడికేది కాదు. బడికి వెళ్తున్నాడు, వస్తున్నాడు, కానీ అడుగుల చప్పుడు మెత్తబడింది. పెరట్లో శాంతకుమారి పిల్లలను కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పేది. నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి, పలకమని చెప్పేది. పర్వతాలు ఒకసారి విని, "ఏంది, ఇంత మెల్లగనా?" అని పెదవి విరిచాడు.

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందురోజు. కమిటీ అంతా బడిలో బల్లలు సర్దించి, మిట్టమధ్యాహ్నం మా అరుగుమీదికి చేరారు. దుమ్ము, చెమట. గాలి లేదు.

పర్వతాలు కండువాతో మెడ తుడుచుకుంటూ అన్నాడు. "దామోదరా, సాఫ్ మాట చెప్త. ఊరంత మీ బాయి ముచ్చటనే. సగం మంది పిల్లల పేర్లు తీసేస్తమంటున్నరు. ఆ పిల్లను బాయి ముట్టొద్దని చెప్పు. ఇనదా, రేపు ఇన్‌స్పెక్టరు పోయినంక పంపెయ్యి. మంజూరు చేతికొచ్చినంక ఇంకొకరిని ఎతుకుదాం."

"సాలి సంగతి?" అన్నారెవరో.

"సాలికి రెండు తగిలిస్తె అదే మరుస్తది."

మా ఆయన తల వంచుకుని వింటున్నాడు. నేను ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగుమీద పెట్టాను. ఎవరొచ్చినా ముందు నీళ్ళు పెట్టడం అలవాటు. ఏ బావి నీళ్ళు అని నేను ఆలోచించలేదు. పర్వతాలు చెంబును చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మిగతావాళ్ళు కదల్లేదు.

"అదిగాదన్నా, రేపటి సంగతి ముందుగాల సూద్దాం. ఆయన ఎన్ని గంటలకొస్తడో..." అంటూ మా ఆయన చెంబు అందుకుని ఎత్తి పోసుకున్నాడు. రెండు గుక్కలు మింగాడు. అప్పుడు తెలిసింది, నీళ్ళ తీపి. చెంబు ఆగింది. బుగ్గల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. కళ్ళు పర్వతాలు వైపు తిరిగాయి, తరువాత నావైపు.

పుక్కిలించి వాకిట్లో ఉమ్మేస్తే సరిపోయేది. ఎండనపడి వచ్చిన ప్రతి మనిషీ చేసే పనే. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. అందరం ఆయన గొంతు వైపే చూస్తున్నాం.

గొంతు కదిలింది. మళ్ళీ చెంబెత్తి, మిగిలినవన్నీ తాగాడు. తడిసిన గడ్డాన్ని మోచేత్తో తుడుచుకుని, మామూలు గొంతుతోనే అన్నాడు.

"రేపు జర జల్ది రా అన్నా. దండ నువ్వే ఎయ్యాలె ఇన్‌స్పెక్టరుకు."

పర్వతాలు లేచాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చడానికి చాలాసేపు పట్టింది. తిట్టలేదు. మర్నాడు వచ్చాడు కూడా, దండా వేశాడు. మంజూరు వచ్చాక కమిటీ వదిలేశాడు. సగం మంది కాదు గానీ కొందరు పిల్లలు బడి మానేశారు. మా అత్తమ్మ తిరిగి రాలేదు. చూడాలనిపిస్తే మేమే వెళ్ళేవాళ్ళం. మేం అక్కడి నీళ్ళు తాగేవాళ్ళం, ఆమె మా బావి ఊసెత్తేది కాదు.

కానీ ఆ మధ్యాహ్నం అవేవీ మాకు తెలియవు. అరుగు ఖాళీ అయ్యాక ఆయన చెంబు నావైపు చాపాడు.

"ఇంకొన్ని."

"బిందెలో లేవు. తోడాలి" అన్నాను. లేవాలనుకున్నాను గానీ లేవలేదు. స్తంభానికి చేరగిలబడే ఉన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. చెంబు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన బావి దగ్గరికి వెళ్ళడం నేను చూడలేదు. తలుపులోంచి కనబడుతోంది. గట్టుమీద దేవమ్మ నీళ్ళు తోడుతోంది. ఆయనను చూసి చేంతాడు బిగించి పట్టుకుని గట్టు దిగబోయింది.

"నువ్వు తోడుకో దొరా, నేను మళ్ళొస్త."

"కానియ్యమ్మా, నిండనియ్యి" అన్నాడాయన. ఆమె బిందె నిండేదాకా ఎండలో, ఆమె వెనక నిలబడ్డాడు.